సానపట్టడం, దారి వెతకడం: వ్యాపారంలో నవకల్పనల తూకం

మాది ఉప్మాక. నక్కపల్లి పక్కన, కొండమీద వెంకన్నబాబు కొలువైన ఊరు. కిందటేడు స్వామివారి కల్యాణానికి ఇంటికి వెళ్లినప్పుడు మా మావయ్య ఒక ప్రశ్న వేశాడు. ఆయన ముప్పై ఏళ్లు చెరకు పండించి, గానుగాడించి, బెల్లం వండిన మనిషి. ఇప్పుడా పొలంలో సరుగుడు తోట ఉంది.

"ఒరే, నువ్వు కామర్సు సదువుకున్నోడివి గదా, సెప్పు. నేను పని సరిగ్గా సెయ్యలేదా? మా నాన్న కన్నా బాగా వండాను. ఏటికేడు కొంచెం కొంచెం మెరుగు సేసుకుంటూనే వచ్చాను. బాగా సేసినోడు ఎందుకు ఓడిపోతాడు?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "ఆలోచించి చెప్తాను మావయ్యా" అని తప్పించుకున్నాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నం. సావనీరులో అచ్చయ్యాక ఒక ప్రతి ఆయనకు పంపాలని నా కోరిక.

నవకల్పన అనగానే మనకు గుర్తొచ్చేది కొత్త యంత్రం, కొత్త మందు, కొత్త వస్తువు. కాని వాణిజ్యశాస్త్రం నవకల్పనను రెండు తెగలుగా చూస్తుంది. మొదటిది, చేతిలో ఉన్న పనినే మరింత చక్కగా, చవకగా, త్వరగా చేయడం. పొయ్యి ఆకారం మార్చి చెరకు పిప్పి ఆదా చేయడం, అదే చెరకు నుంచి మరికాస్త రసం పిండడం, సరుకు బజారుకు ఒకరోజు ముందు చేర్చడం ఈ కోవలోకి వస్తాయి. దీన్ని సానపట్టడం అందాం. రెండవది, ఇంతవరకు చేయని వస్తువును, తెలియని విద్యను, ఎరగని ఖాతాదారును పట్టుకోవడం. దీన్ని దారి వెతకడం అందాం.

ఈ రెండింటి భేదాన్ని స్పష్టంగా చెప్పిన వాడు అమెరికన్ ఆచార్యుడు జేమ్స్ మార్చ్. 1991లో వెలువడిన తన పరిశోధన వ్యాసంలో ఆయన చూపిన చిక్కు చాలా సులువైనది, చాలా లోతైనది కూడా. సానపట్టే పనికి ఫలితం దగ్గరలోనే ఉంటుంది, ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. దారి వెతికే పనికి ఫలితం దూరంలో ఉంటుంది, రావచ్చు, రాకపోవచ్చు. పదిసార్లు వెతికితే తొమ్మిదిసార్లు చేతికి మట్టే. అందుచేత తెలివైన యజమాని కూడా ప్రతి ఏడూ లెక్క వేసుకుని, వెతుకులాట తగ్గించి సానకే మొగ్గుతాడు. ప్రతి ఏటి నిర్ణయమూ సబబైనదే. అన్నీ కలిపితే మాత్రం సంస్థ మెల్లగా ఒకే గోతిలోకి జారుతుంది. కత్తి నిగనిగలాడుతూ ఉంటుంది, దానితో కోయడానికి పంట ఉండదు.

అలాగని వెతుకులాటే బతుకు అనుకున్నా ప్రమాదమే. ఒక పని కుదురుకోకముందే ఇంకోటి, అది పండకముందే మరోటి. విత్తనాల ఖర్చు ప్రతిసారీ ఉంటుంది, కోత మాత్రం ఉండదు. కొత్తొక వింత, పాతొక రోత అనే సామెత వ్యాపారికి ఎంత చేటో చెప్పనక్కరలేదు.

మరి రెండూ సమానంగా చేస్తే లాభమేనా? ఇది నమ్మకంతో తేలే ప్రశ్న కాదు, కొలిచి చూడవలసిన ప్రశ్న. హి, వాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు సింగపూరు, పెనాంగ్ ప్రాంతాల్లోని 206 తయారీ సంస్థలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. రెండు రకాల నవకల్పనా బలంగా ఉన్న సంస్థల అమ్మకాలు వేగంగా పెరిగాయి. ఒకటి ఎక్కువై రెండోది తక్కువై, మధ్య ఎడం పెరిగిన కొద్దీ అమ్మకాల పెరుగుదల తగ్గింది. అంటే రెండు చేతులూ ఒకదానికొకటి సాయపడుతున్నాయన్నమాట. పాత పని తెచ్చిన డబ్బూ, నేర్పిన మెళకువా కొత్త వెతుకులాటకు పెట్టుబడి అవుతాయి. వెతుకులాటలో దొరికినది రేపు సానపట్టుకోవడానికి ముడిసరుకవుతుంది. ఇలా రెండు చేతులతోనూ రాయగల సంస్థ అనే భావన 1976లోనే రాబర్ట్ డంకన్ రాతల్లో ఉంది. మన భాషలో అందుకు ఎప్పటినుంచో మంచి మాట ఉంది: సవ్యసాచి.

ఇక పుస్తకం మూసి మన జిల్లాలోకి వద్దాం.

అనకాపల్లి పేరు చెప్పగానే బెల్లం గుర్తు రానివాడు లేడు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచి ఆ ఊళ్లోనే ఉంది. సహకార చక్కెర పరిశ్రమలోనూ ఈ ప్రాంతానిది పాత పేరే. ఏటికొప్పాక సహకార చక్కెర కర్మాగారం 1933 నాటిది. ఇంత చరిత్ర ఉన్న చోట చెరకు రైతు ఎందుకు వెనక్కి తగ్గాడు?

బెల్లం సంగతే చూడండి. మన వాళ్లు ఏళ్ల తరబడి పట్టిన సాన ఎక్కువగా రంగు మీదే. బజారులో తెల్లటి దిమ్మకు ధర ఎక్కువ, నల్ల దిమ్మకు తక్కువ. కాబట్టి మరింత తెల్లగా వండాలి. ఆ పరుగులో హైడ్రోస్ అనే గంధకపు రసాయనం పెనంలోకి వచ్చింది. సాన పట్టి పట్టి చివరకు సరుకు గుణమే అరిగిపోయింది. పట్నంలో చక్కెర మానాలనుకునే కొత్త కొనుగోలుదారు ఒకడు పుట్టాడు. వాడికి తెలుపు అక్కర్లేదు. రసాయనం లేని ముదురు రంగు బెల్లం, చెంచాతో వేసుకునే పొడి, చిన్న అచ్చు ముక్క కావాలి. అవి తయారు చేయడం మన వాళ్లకు చేతకాని విద్యేమీ కాదు. కాని పది పదిహేను కిలోల దిమ్మ, దాన్ని కొనే పాత దళారీ, ఆ రంగు లెక్క అనే చట్రంలోనే చాలా కాలం ఉండిపోయాం. కొత్త కొనుగోలుదారుడు మన మార్కెట్ యార్డుకు రాడు, మనమే వాణ్ని వెతుక్కుంటూ పోవాలి. ఇప్పుడిప్పుడే కొందరు రైతులు ఆ దారి పట్టారు, సంతోషం.

సహకార మిల్లుల కథ ఇంతకన్నా విచారకరం. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ మిల్లులు ఒకదాని తర్వాత ఒకటి క్రషింగు ఆపేశాయి. దీనికి కారణాలు అనేకం. పాతబడిన యంత్రాలు, తగ్గిన చెరకు, పెరిగిన అప్పులు, చక్కెర ధరలో ఎగుడు దిగుళ్లు అన్నీ ఉన్నాయి. నేపాన్నంతా ఒకే దాని మీద వేయడం న్యాయం కాదు. అయినా ఒక పోలిక చెప్పుకోవాలి. మహారాష్ట్రలో చాలా మిల్లులు పిప్పితో విద్యుత్తు, మొలాసిస్‌తో సారాయి, ఆ పైన పెట్రోలులో కలిపే ఇథనాలు తయారు చేసుకోవడం మొదలుపెట్టాయి. చక్కెర ధర పడిన ఏడు ఈ పక్క ఆదాయం ఆదుకుంది. చక్కెర ఒక్కటే నమ్ముకున్న మిల్లుకు అలాంటి రెండో కాలు లేదు. ఆ రెండో కాలు మొలిపించుకోవడానికి పెట్టుబడి కావాలి, పెట్టుబడి పెట్టవలసింది బాగున్న రోజుల్లో. నష్టాలొచ్చాక వెతుకుదామంటే, ఇల్లు కాలుతుండగా బావి తవ్వినట్లే.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. మన పెద్దవాళ్ల ఇళ్లలో ఆల్విన్ ఫ్రిజ్ ఒకటి ఉండేది, గుర్తుందా? హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1942లో పుట్టింది. రాష్ట్ర ప్రభుత్వ రంగంలో పేరెన్నికగన్న కర్మాగారం. ఇనుప బీరువాలు, బస్సు బాడీలు, రిఫ్రిజిరేటర్లు చేసింది. ఆపైన స్కూటర్లు, జపాను సీకో సంస్థ సహకారంతో చేతి గడియారాలు, నిస్సాన్ సహకారంతో తేలికపాటి వాహనాలు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే మంచి ఆలోచనే. సనత్‌నగర్ కార్మికుల పనితనానికి వంక పెట్టేవారు లేరు. కాని ఇన్ని రంగాల్లో ఒకేసారి అడుగు పెట్టిన సంస్థకు ప్రతి రంగంలోనూ గట్టి ప్రత్యర్థి ఎదురయ్యాడు. స్కూటర్‌లో బజాజ్, గడియారంలో టైటాన్, ఫ్రిజ్‌లో గోద్రెజ్. చివరకు వాహనాల విభాగం మహీంద్రా చేతికి, 1990లలో రిఫ్రిజిరేటర్ల విభాగం వోల్టాస్ చేతికి పోయాయి. ఇక్కడా కారణం ఒక్కటే కాదు. ప్రభుత్వ సంస్థకుండే కట్టుబాట్లు, మారిన ఆర్థిక విధానం కూడా పనిచేశాయి. అయినా ఇన్ని దారులు తెరిచిన సంస్థ ఏ ఒక్క దారినీ చివరిదాకా సానపట్టుకోలేకపోయిందన్నది నా అభిప్రాయం.

బయటి దేశపు మాట ఒకటి. కొడాక్ సంస్థలో 1975లోనే డిజిటల్ కెమెరా తయారైంది. తయారు చేసినవాడు ఆ సంస్థ ఇంజనీరే. అయినా ఫిల్ము అమ్మకాల లాభం అంత తీపిగా ఉండగా కొత్తదాన్ని మనస్ఫూర్తిగా పెంచలేకపోయింది, 2012లో దివాలా పిటిషను వేసింది. కాబట్టి కొత్తది కనిపెట్టడం ఒకటి, దానికి ఇంట్లో చోటివ్వడం మరొకటి.

తూకం కుదిరిన కథ ఎక్కడైనా ఉందా? ఉంది, మా ఊరికి ఎంతో దూరం కూడా కాదు. వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మల ఊరు. అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతున్న కర్రకు రంగు లక్క ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. చివర మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. తరతరాలుగా సానదేరిన పనితనం ఇది. మధ్యలో రసాయన రంగులు వచ్చాయి. చవక, సులువు, ధగధగ. బెల్లానికి పట్టిన గతే బొమ్మకూ పట్టబోయింది.

అప్పుడు సి.వి. రాజు గారు, ఆయనతో కూడిన పనివాళ్లు మళ్లీ మొక్కల రంగుల మీద పడ్డారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వంటివి లక్కలో కలిపి, వేడికి నిలిచే రంగులు రాబట్టడానికి ఏళ్లు పట్టింది. ఇందులో గమనించవలసినదేమిటంటే, వాళ్లు తరిమెనను వదలలేదు, అంకుడు కర్రను వదలలేదు, చేతి పనిని వదలలేదు. వెతుకులాట రంగు దగ్గర, ఆకారాల దగ్గర, కొనేవాడి దగ్గర జరిగింది. పాత చేతివాటమే ఆ కొత్త వెతుకులాటకు ఆసరా. ఫలితం చూడండి. పిల్లల బొమ్మల్లో సీసం వంటి విషలోహాల మీద 2008లో అమెరికా గట్టి చట్టం చేసింది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి అయింది, నమోదైన హస్తకళాకారులకూ భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు దొరికింది. ఏటికొప్పాక బొమ్మలకు ఆ గుర్తింపు 2017లోనే వచ్చి ఉంది. లోకం ఈ అడుగు వేసేసరికి ఈ ఊరు ఆ మెట్టు మీద ముందే నిలబడి ఉంది. 2023లో రాజు గారికి పద్మశ్రీ, 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటంగా ఏటికొప్పాక బొమ్మలు వచ్చాయి. పనివాళ్ల కష్టాలన్నీ తీరిపోయాయని నేననను. కర్ర దొరకడం కష్టమే, పిల్లలు తరిమెన ముందు కూర్చోవడం తగ్గిందనీ అంటారు. కాని కళ బతికి ఉంది, బతకడానికి దారి ఉంది.

పెద్ద సంస్థల్లో ఈ తూకానికి ఉదాహరణ డాక్టర్ రెడ్డీస్. కల్లం అంజిరెడ్డి గారు 1984లో దీన్ని స్థాపించారు. 1970 నాటి పేటెంటు చట్టం మందు మీద కాక, మందు చేసే పద్ధతి మీద మాత్రమే హక్కు ఇచ్చింది. అంటే వేరే పద్ధతిలో చవకగా చేయగలవాడికి ఎదురులేదు. మన రసాయన శాస్త్రజ్ఞులు సానపట్టే విద్యలో ఆరితేరింది ఈ కాలంలోనే. ఈ సౌకర్యం కలకాలం ఉండదని, వస్తువు మీదే పేటెంటు వచ్చే రోజు దగ్గరపడుతోందని అంజిరెడ్డి గారు గ్రహించి, 1993లో కొత్త అణువుల కోసం పరిశోధన సంస్థ పెట్టారు. ఆ చట్టం మారింది 2005లో, అంటే పన్నెండేళ్ల ముందే బావి తవ్వడం మొదలైంది. 1997లో మధుమేహానికి కనుగొన్న ఒక అణువును డెన్మార్కుకు చెందిన నోవో నోర్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చారు. మన దేశపు సంస్థ అలా చేయడం అదే మొదలు.

కథ ఇక్కడే ఆపితే అందంగా ఉంటుంది కాని నిజం ఇంకా ఉంది. అదే వరుసలోని మరో అణువు పరీక్షలు 2002లో ఆగిపోయాయి. ఆ తొలి మధుమేహ అణువులేవీ మందుల షాపు దాకా రాలేదు. అయినా సంస్థ కూలిపోలేదు, ఎందుకని? రెండో చేయి పనిచేస్తూనే ఉంది గనుక. 2001లో ఫ్లుయోక్సెటిన్ 40 మిల్లీగ్రాముల మందును అమెరికాలో 180 రోజులు ప్రత్యేక హక్కుతో అమ్ముకునే అవకాశం దక్కించుకుంది. జెనెరిక్ మందుల రాబడి వెతుకులాట నష్టాన్ని భరించింది. 2005లో పరిశోధన భారాన్ని బయటి పెట్టుబడిదారులతో పంచుకోవడానికి వేరే కంపెనీ కూడా పెట్టారు. వెతుకులాటలో ఓడిపోవచ్చు, కాని ఓటమి సంస్థను ముంచకుండా కొలత ఉండాలి. మా నక్కపల్లిలోనే ఇప్పుడు మందుల కర్మాగారాలు ఉన్నాయి, 2025 జనవరిలో బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన కూడా జరిగింది. అందుచేత ఈ పాఠం మా ఊరి కుర్రాళ్లకు పరీక్ష కోసం కాదు, రేపటి ఉద్యోగం కోసం.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే వ్యాసం ఒంటికన్నుదవుతుంది. తూకం అంటే అందరికీ సగం సగం అని కాదు. 2006లో వెలువడిన ఒక డచ్చి పరిశోధన, పరిసరాలు వేగంగా మారే చోట దారి వెతికే నవకల్పన ఎక్కువ ఫలిస్తుందనీ, పోటీ తీవ్రంగా ఉన్న చోట సానపట్టే నవకల్పన ఎక్కువ ఫలిస్తుందనీ తేల్చింది. చిన్న సంస్థల మీద 2005లో వచ్చిన మరో పరిశోధన అయితే, రెండూ కలిపి చేయబోయిన చిన్న సంస్థల కన్నా ఏదో ఒకదాన్ని గట్టిగా పట్టుకున్నవే మెరుగని చూపింది. ఆశ్చర్యం లేదు. ఇద్దరు మనుషులున్న దుకాణంలో ఒకడు వెతకడానికి పోతే గల్లా దగ్గర కూర్చునేదెవరు?

మరి చిన్నవాడు ఏం చేయాలి? నాకు తోచినవి మూడు. మొదటిది, ఒకేసారి కాక వంతులవారీగా చేయడం. నాలుగేళ్లు సాన, ఒక ఏడు వెతుకులాట. ఆ ఏడు రాకముందే దానికి డబ్బు దాచుకోవడం. రెండవది, అంతా కాక ఒక కొస మార్చడం. ఏటికొప్పాక వాళ్లు రంగు మార్చారు, తరిమెన మార్చలేదు. ఇంట గెలిచి రచ్చ గెలువు అన్న మాటకు ఇంతకన్నా మంచి వ్యాఖ్య లేదు. మూడవది, వెతుకులాటను నలుగురితో పంచుకోవడం. ఒక్కో రైతు విడిగా ప్రయోగం చేయలేకపోవచ్చు. సహకార సంఘం, పరిశోధన కేంద్రం, విశ్వవిద్యాలయం ఉన్నది అందుకే. ఇరవై మంది కలిసి ఒక పెనం మీద పొడి బెల్లం వండి చూస్తే, నష్టం వచ్చినా తలకు కొద్దిగా వస్తుంది, నేర్చుకున్నది మాత్రం ఇరవై మందికీ నిండుగా మిగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఈ రెండు పనులకూ ఒకే కొలబద్ద వాడకూడదు. సానపట్టిన పనిని ఈ ఏటి లాభంతో కొలవాలి. వెతుకులాటను ఈ ఏడు ఏం తెలుసుకున్నామన్న దానితో కొలవాలి.

మిత్రులారా, ఇది మన చదువుకూ వర్తిస్తుంది. పరీక్షకు వచ్చే ప్రశ్నలనే పదేపదే సానపట్టుకుని మంచి మార్కులతో బయటికి వెళ్తున్నాం. సిలబస్‌లో లేని పుస్తకం ఒకటి, మన శాఖ కాని ఉపన్యాసం ఒకటి, మన ఊరి గానుగ దగ్గర ఒక పూట, ఇవి మార్కులు తేవు. కాని మార్కులు తెచ్చిన విద్య పాతబడిన రోజున దారి చూపేవి అవే.

ఇక మావయ్యకు జవాబు. మావయ్యా, నువ్వు పని సరిగ్గానే చేశావు. బాగా చేసినవాడు ఓడిపోవడానికి కారణం బాగా చేయకపోవడం కాదు, చేస్తున్నది తప్ప మరోవైపు చూసే తీరికా, డబ్బూ, తోడూ లేకపోవడం. ఆ మూడూ నీకు అందించవలసిన వాళ్లలో చదువుకున్న మేమూ ఉన్నాం. మేమే ఆలస్యంగా వచ్చాం. పొలం గట్టున ఆ పాత పెనం ఇంకా ఉందన్నావు కదా, దాన్ని ఇనుప సామాన్లవాడికి వేసేయకు. వేసవి సెలవులకు వస్తున్నాను. ఒక్క వంట, హైడ్రోస్ లేకుండా, పొడిగా వండి చూద్దాం. పోతే పది బిందెల రసం పోతుంది. తెలిసేది మాత్రం మనది.